కలకత్తాలో మా మామయ్య పళ్లు

గయ వెళ్లి వచ్చినప్పటి నుంచి నర్సీపట్నంలో నన్ను ఎవరు పట్టుకున్నా ఒకటే ప్రశ్న: "మీ మామయ్యగారు కలకత్తా చేపల బజారులో ఏం చేశారట?" ఈ కథ సంతలో ఒకలా, కచేరీ అరుగుల మీద ఒకలా, మా బడి పిల్లల నోట మరొకలా తిరుగుతోంది. ఒక కథలో మామయ్య చేప తిన్నాడు కూడా. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. గయ వెళ్లదలచినవారికి, ముఖ్యంగా పళ్లు లేనివారికి, ఇది కొంత పనికిరావచ్చు.

మా మామయ్య అవధానులు మా అమ్మకు అన్న. నలభై ఏళ్లు మా ఊళ్లో పురాణం చెప్పాడు. అరవై దాటాక ఒక్కొక్క పన్నూ రాలి, నిరుటికి చివరిదీ పోయింది. వాటితోపాటు అక్షరాలూ పోయాయి. ధర్మరాజు 'హమ్మరాజు' అయ్యాడు. వస్త్రాపహరణం జరుగుతోందో, పెళ్లి జరుగుతోందో తెలియక ఆడవాళ్లు లేచి వెళ్లిపోయేవారు. పురాణం మానేశాడు. దానికి ఆయన అంతగా బాధపడలేదు. కానీ మహాలయ అమావాస్యకు గయలో పిండం పెడతానని తన తండ్రికి చివరి క్షణంలో మాట ఇచ్చి ఉన్నాడు. ఆ తండ్రి, అంటే మా తాతగారి పేరు సర్వేశ్వర శాస్త్రి. గోత్రం శ్రీవత్స. పళ్లు లేని నోట్లోంచి ఆ పేరు గాలిలాగా తప్ప బయటికి రాదు.

"పేరు సరిగా పలక్కపోతే పిండం ఇంకెవడికో పోతుందిరా నరసింహం. మా నాన్న విస్తరి ముందు కూర్చుని ఊరికే చూస్తుంటాడు" అని దిగులుపడేవాడు.

కలకత్తాలో చీనా వైద్యులు పళ్ల సెట్లు కట్టి ఇస్తారని మా హెడ్మాస్టరుగారు చెప్పారు. గయకు దారి ఎలాగూ కలకత్తా మీదుగానే. నాలుగు రోజులు అక్కడ ఆగి, పళ్లు కట్టించుకుని, చతుర్దశి రైలెక్కితే అమావాస్య ఉదయానికి గయ. ఇంగ్లీషు వచ్చినవాణ్ణని నన్ను తోడు రమ్మన్నాడు. బడిలో వ్యాకరణం చెప్పే నా ఇంగ్లీషు కలకత్తాకు సరిపోతుందని నేనూ అనుకున్నాను.

వాల్తేరు

నర్సీపట్నం రోడ్డు స్టేషను దాకా ఎడ్లబండి. అక్కడి నుంచి వాల్తేరు వెళ్లి, కలకత్తా బండి అందుకోవాలి. మన్యంలో అల్లర్లు జరుగుతున్న రోజులవి. మా ఊరి చుట్టూ పోలీసు గుడారాలు. నర్సీపట్నం నుంచి వస్తున్నామనగానే వాల్తేరు ప్లాట్‌ఫారం మీద ఒక కానిస్టేబులు మా మూటలు విప్పించాడు. దర్భలు చూశాడు, నువ్వులు చూశాడు, చివరికి ఒక డబ్బా తెరిచి ఆగిపోయాడు. నల్లటి పొడి.

"ఏటిది?"

"పళ్లపొడి" అన్నాను.

"ఎవులిది?"

మామయ్యను చూపించాను. నోరు తెరవమన్నాడు. మామయ్య తెరిచాడు. కానిస్టేబులు నూతిలోకి చూసినట్టు చాలాసేపు లోపలికి చూశాడు.

"పల్లే నేవు. పల్లపొడి ఎందుకండీ?"

"అరవై ఏళ్ల అలవాటు నాయనా! పళ్లు పోతే అలవాటు పోతుందా?" అన్నాడు మామయ్య. అది ఆ కానిస్టేబులుకు గాలి వీచినట్టు వినపడి ఉంటుంది. నేను అర్థం చెప్పాను. అతనికి నమ్మకం కుదరలేదు. హెడ్డు వచ్చాడు. తుపాకీ మందేమోనని చిటికెడు నేల మీద పోసి అగ్గిపుల్ల గీశాడు. అంటుకోలేదు. ఇంకో పుల్ల గీశాడు. అప్పుడూ అంటుకోలేదు. ఇక చేసేదేమీ లేక వేలితో కాస్త అద్దుకుని తన పళ్లకే రుద్దుకున్నాడు. అతని ముఖం మారిపోయింది.

"దీన్లో ఏటేసినారండీ?"

బొగ్గు, ఉప్పు, పటిక అని వరస చెప్పాను. రైలు కదిలాక కూడా అతను పక్కన పరుగెడుతూ "లవంగాలెన్ని?" అని అరుస్తున్నాడు. నేను కిటికీలోంచి వేళ్లు చూపించాను.

హౌరా

హౌరా స్టేషను గురించి ఒక్క మాట చెబుతాను. మా జాతరలు పది కలిపి ఒక కప్పు కింద పెడితే హౌరా. అక్కడ ఒక రైల్వే ఉద్యోగిని, ధర్మశాలకు దారి ఎటో చెప్పగలరా అని, కర్త కర్మ క్రియలతో ఏ లోపమూ లేని వాక్యం చేసి అడిగాను. ఆయన నేను క్రియ దాకా వచ్చేలోపలే వెళ్లిపోయాడు. రెండో ఆయన నా వాక్యం పూర్తిగా విని, నా చేతిలో ఒక అర్ధణా పెట్టాడు.

అది చూసి మామయ్య నన్ను తిట్టడం మొదలుపెట్టాడు. ఆ తిట్లే మమ్మల్ని కాపాడాయి. జనంలోంచి పొడుగాటి మనిషి ఒకడు నవ్వుతూ వచ్చి మా ముందు నిలబడ్డాడు.

"మనేపు తిట్లండి బాబూ ఇవి! ఎన్నాళ్లయినాదో ఇని! ఎక్కడోలు మీరు?"

అతని పేరు పైడయ్య. ఊరు రావికమతం. మా ఊరికి ఒక పూట బండి దారి. పన్నెండేళ్లుగా గంగ రేవులో జనపనార బేళ్లు మోస్తున్నాడు. నా మూట తీసి భుజాన వేసుకుని, మామయ్య దాహంగా ఉన్నాడని తెలిసి పరుగెత్తి చెంబుతో నీళ్లు తెచ్చాడు. మామయ్య ఆ చెంబు చూసి తల పక్కకు తిప్పుకున్నాడు. ఎవరో తెలియదు, ఏ కులమో తెలియదు, అందులోనూ పితృపక్షం. పైడయ్య ఆ నీళ్లు తానే తాగేసి, "బేగి రండి. వొంతెన ఇప్పీసినారంటే మద్దేన్నం దాకా ఇక్కడే" అన్నాడు.

హౌరా వంతెన పడవల మీద పరిచిన వంతెన. పెద్ద ఓడలు పోవాలంటే మధ్యలో విప్పేస్తారు. మా వైపు ఏరు దాటాలంటే నీళ్లు తగ్గేదాకా ఆగుతాం. ఇక్కడ వంతెన వచ్చేదాకా ఆగుతారు.

బౌబజారు

బడాబజారులో ఒక మార్వాడీ ధర్మశాలలో దిగి, పైడయ్య వెంట బౌబజారు వెళ్లాం. వీధి పొడుగునా చీనా వైద్యుల దుకాణాలే. ప్రతి గుమ్మం మీదా మనిషంత నోరు బొమ్మ, నిండా పళ్లు. మామయ్య వాటి కింద నడుస్తుంటే నాకు ఆయన నరసింహావతారం పురాణం గుర్తొచ్చింది.

మేము వెళ్లిన వైద్యుడు సన్నటి మనిషి, చాలా మర్యాదస్తుడు. ఆయనకు వచ్చిన ఇంగ్లీషు ఓపెన్, క్లోజ్, టుమారో లాంటి అరడజను మాటలు. నా ఇంగ్లీషు కంటే అవే ఎక్కువ పని చేశాయి. మామయ్య మాత్రం నోరు తెరవడానికి ముందు ఒక సంగతి తేలాలన్నాడు. "ఆ పళ్లు దేంతో చేస్తాడో అడుగు. ఎముక అయితే నాకొద్దు."

నేను అడిగాను. ఆయనకు అర్థం కాలేదు. ఎముక అని చెప్పడానికి నా మోచెయ్యి తట్టి చూపించాను. ఆయన నా మోచెయ్యి పరీక్షించి, బాగానే ఉందన్నట్టు తల ఊపాడు. చివరికి మామయ్యే బల్ల మీదున్న ఒక పన్ను తీసి నొక్కి చూస్తుంటే ఆయనకు తట్టింది. తన టీ కప్పు తెచ్చి ఆ పన్నుతో టింగుమని కొట్టాడు. పింగాణీ! మామయ్య తృప్తిగా నోరు తెరిచాడు.

కొలత తీసుకుని 'టుమారో' అన్నాడు. ఏకాదశి నాడు వెళితే 'టుమారో'. ద్వాదశి నాడూ అదే. మామయ్యకు రోజులు తరుగుతున్నాయన్న బెంగ. ఆ బెంగలోనే కలకత్తా పెరుగు రుచి చూశాడు. మట్టి ముంతలో ఎర్రగా తియ్యగా ఉంది. "పెరుగులో పంచదారా! ఈ ఊళ్లో ఎవరూ చెప్పేవాళ్లే లేరా?" అని ఉప్పు అడిగాడు. దుకాణదారు ఉప్పు వేస్తుంటే చూడటానికి పక్క దుకాణంవాడిని కూడా పిలిచాడు. రసగుల్లాలు మాత్రం మామయ్యకు నచ్చాయి. నమలక్కర్లేదు. అణాకు రెండు. ఎనిమిది తిన్నాడు. అవి విరిగిన పాలతో చేస్తారని పైడయ్య నా చెవిలో చెప్పాడు. నేను మామయ్యకు ఇప్పటిదాకా చెప్పలేదు. ఇది చదివితే తెలుస్తుంది.

త్రయోదశి ఉదయం వైద్యుడు 'రెడీ' అని గోడ పక్కనున్న బల్ల చూపించి, ఏడుస్తున్న రోగి కోసం తెర వెనక్కి పరుగెత్తాడు. బల్ల మీద రెండు గిన్నెలు, రెండిట్లోనూ పళ్లు. మామయ్య కుడి గిన్నెలోవి తీశాడు. ముందరి పన్నొకటి బంగారంది.

"బంగారం మనం చెప్పలేదే" అన్నాను.

"చెప్పాలట్రా? మనిషిని చూస్తే తెలీదూ, పండితుడో కాదో!" అని తాను తెచ్చుకున్న గంగనీళ్లతో కడిగి నోట్లో పెట్టుకున్నాడు. బిగుతుగా ఉందన్నాడు. కొత్త చెప్పులు కరవవా, ఇవీ అంతే అన్నాడు. తెరకు నమస్కారం పెట్టి వచ్చేశాం.

ధర్మశాలలో కూర్చుని సంకల్పం చెప్పడం మొదలుపెట్టాడు. 'శ్రీవత్స' అనగానే రైలు గార్డు ఈల వేసినట్టు ఒక కూత వచ్చింది. ధర్మశాల గుమాస్తా "పిలిచారా?" అని పరుగెత్తుకొచ్చాడు. లేదన్నాం. 'సర్వేశ్వర శాస్త్రి' అనేసరికి మూడు కూతలు. గుమాస్తా మళ్లీ వచ్చాడు. ఈసారి కోపంగా ఉన్నాడు. వెనకాల వీధి కుక్క కూడా వచ్చింది.

సాయంత్రం దుకాణానికి పరుగెత్తాం. వైద్యుడు మామయ్య నోట్లో బంగారు పన్ను చూసి నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. రెండో గిన్నె ఖాళీ. మామయ్య పళ్లు ఇంకెవరో పెట్టుకుపోయారు. ఎవరని అడిగితే ఆ పెద్దమనిషి ఇల్లు ఆయనకు తెలియదు. అరచెయ్యి నీళ్లలో ఈదినట్టు ఊపి, "ఫిష్. మార్నింగ్. ఫిష్" అన్నాడు.

పైడయ్య మెల్లగా విడమరిచాడు. "మీ పల్లోడు రోజూ పొద్దున్న సేపల బజారుకొస్తాడంట పంతులుగారూ."

మామయ్య అక్కడే గచ్చు మీద కూలబడ్డాడు.

చేపల బజారు

అది చతుర్దశి. సాయంత్రం రైలు. మామయ్య తెల్లవారి స్నానం చేసి, పట్టుబట్ట ముక్కుకు అడ్డం పెట్టుకుని, జన్మలో మొదటిసారి చేపల బజారులో కాలు పెట్టాడు. మా ఊరివాళ్లు అడిగేది ఈ ఘట్టం గురించే. మామయ్య అక్కడ చేసిన పని ఏమిటంటే, కనిపించిన ప్రతి ముసలాయన ముందూ నిలబడి నోట్లోకి చూడటం. అంతే.

ఏనుగు చెవులంత కత్తిపీటల ముందు చేపలవాళ్లు కూర్చున్నారు. నేల అంతా జారుడు. పైడయ్య ముందు నడుస్తూ వంగభాషలో ఏదో అడుగుతున్నాడు. వాళ్లు పళ్లు ఇకిలించి నవ్వుతుంటే మామయ్య ఆత్రంగా వంగి, ఆ పళ్లు సొంతవని తెలిసి నిట్టూరుస్తున్నాడు. ఒక అమ్మాయి ఈయన పళ్లు లేని చేప అడుగుతున్నాడనుకుని ఒకటి ఎత్తి చూపించింది. మామయ్య కళ్లు మూసుకుని 'శివ శివ' అన్నాడు. రెండు ఈలలు.

ఆ ఈల విని, చేతిలో చేప వేలాడేసుకుని నిలబడ్డ ఒక ముసలాయన వెనక్కి తిరిగాడు. లావుపాటి కళ్లద్దాలు, భుజాన దుప్పటి, మెడలో జంధ్యం. మామయ్య నోట్లోకి తేరిపార చూసి గట్టిగా అరిచాడు. ఆ అరుపు సంస్కృతంలో ఉంది.

"ఇవి నా పళ్లు!"

మామయ్య తన బాధ అంతా మరిచిపోయాడు. నాలుగు రోజులుగా నోరు విప్పే భాష లేక అల్లాడుతున్నవాడు సంస్కృతంలోనే జవాబిచ్చాడు. ఆయన పేరు భట్టాచార్య, పాతికేళ్లు బడిలో సంస్కృతం చెప్పి విరమించాడు. శుక్లాల వల్ల చూపానక, మిగిలిన గిన్నెలోవే తనవనుకున్నాడు. ఇద్దరూ చేపల మధ్య నిలబడి కుశల ప్రశ్నలు వేసుకున్నారు. కానీ భట్టాచార్యగారు 'వ'కు బదులు 'బ' అంటున్నారు, 'అ'కు బదులు 'ఒ'. మామయ్య కంగారుగా నా చెయ్యి పట్టుకున్నాడు.

"నా పళ్లు పాడైపోయాయిరా. చూడు, 'వ' పలకడం లేదు!"

అది పళ్ల దోషం కాదు, ఈ దేశపు ఉచ్చారణే అంత అని నచ్చజెప్పేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

అందరం వైద్యుడి దుకాణానికి చేరాం. ఇద్దరూ పళ్లు తీసి ఎవరి గిన్నెలో వారు పెట్టారు. అప్పుడు మామయ్యకు అసలు అనుమానం వచ్చింది. పళ్లు లేనందువల్ల వైద్యుడి లెక్కల పలక అందుకుని నాగరిలో రాసి చూపించాడు: తమరు నిన్న భోజనంలో ఏమి తీసుకున్నారు?

భట్టాచార్యగారు రాసిన జవాబు: ఇలిశ చేప. రెండు పూటలా. ఈ పక్షంలో మంచి చేప దొరికింది.

మామయ్య పళ్లు చేప తిన్నాయి. భట్టాచార్యగారి పళ్లు మామయ్య నోట్లో అటుకులూ పెరుగూ తప్ప ముట్టలేదు. పవిత్రమైనవి పరాయివి. సొంతవి అపవిత్రమైనవి. శాస్త్రచర్చ మొదలైంది, ఆ పలక మీదే. లోహం అయితే నిప్పుతో శుద్ధి. రాయి అయితే నీళ్లతో శుద్ధి. మట్టి పాత్ర అయితే పారెయ్యాలి. మరి పింగాణీ రాయా, మట్టా? వైద్యుణ్ణి పిలిచి అడిగారు. ఆయన కొలిమి చూపించి, పిసికినట్టూ కాల్చినట్టూ అభినయించాడు. మట్టే!

మడిగా ఉన్న పళ్లు పెట్టుకుంటే తండ్రి పేరు ఈల అవుతుంది. పేరు పలికే పళ్లు మైల పడ్డాయి. గయలో ఏవి పెట్టుకోవాలి? బయట ట్రాము గంటలు కొడుతోంది. రైలుకు ఇంక నాలుగు గంటలు.

పైడయ్య గుమ్మంలో నిలబడి అన్నాడు: "పల్లకేటి కులం బాబూ? సేప ఎల్లిపోనాది గదా."

మామయ్య రెండు గిన్నెల వంకా చూశాడు. తరవాత పలక తీసుకుని, ఈసారి తెలుగులో, నాకోసం రాశాడు. ఆ అక్షరాలు నాకింకా కళ్లకు కట్టినట్టున్నాయి. "మడి తప్పితే మా నాన్న నాతో ఒకరోజు మాట్లాడేవాడు కాడు. ఉచ్చారణ తప్పితే నెల్లాళ్లు మాట్లాడేవాడు కాడు."

తన పళ్లు తాను తీసుకున్నాడు. భట్టాచార్యగారు కన్నీళ్లు పెట్టుకుని కౌగిలించుకున్నారు. చేప ఇంకా చేతిలోనే ఉంది.

గంగ ఒడ్డు

మేము రేవుకు చేరేసరికి వంతెన విప్పేసి ఉంది. మధ్యలోంచి ఒక ఓడ తాపీగా పోతోంది. అవతలి ఒడ్డున మా రైలు.

"పడవ తెస్తాను, ఉండండి" అన్నాడు పైడయ్య. మామయ్య కదల్లేదు. పళ్లు మూట కట్టిన గుడ్డ చేత్తో పట్టుకుని నీళ్ల వైపు చూస్తున్నాడు. శుద్ధి చెయ్యాలి. కానీ ఒడ్డంతా మోకాటిలోతు బురద, నీళ్లు సుడులు తిరుగుతున్నాయి. అరవై మూడేళ్ల మనిషి దిగితే గయ ఆయనకే అక్కరకొస్తుంది. నాకు ఈత రాదు.

మామయ్య ఆ గుడ్డ పైడయ్య చేతికిచ్చాడు.

పైడయ్య నడుములోతు నీళ్లలోకి దిగి, ఇసుకతో తోమి, మూడుసార్లు ముంచి తీశాడు. మామయ్య ఒడ్డు మీద నుంచి చేతులు జోడించి పళ్లు లేని నోటితో మంత్రం గొణుగుతున్నాడు. తడి చేత్తో పైడయ్య అందిస్తే తీసుకుని, అలాగే నోట్లో పెట్టుకున్నాడు. చెంబు సంగతి ఎవరూ ఎత్తలేదు.

పడవలో అవతలికి పోతుండగా పైడయ్య అన్నాడు: "మా అయ్య పోయి మూడేల్లయినాది పంతులుగారూ. కబురందేసరికి దినం కూడా అయిపోనాది. అక్కడ మా అయ్య పేరు కూడా ఒకపాలి సెప్పండి. పెంటయ్య. రావికమతం పెంటయ్య."

మామయ్య దవడ అటూ ఇటూ కదిపాడు. పళ్లు సర్దుకుంటున్నాడో, ఆలోచిస్తున్నాడో నాకు తెలియలేదు. రైలు కదిలేటప్పుడు పైడయ్య ప్లాట్‌ఫారం మీద మా వైపు కాక నేల వైపు చూస్తూ నిలబడ్డాడు.

గయ

గయలో మాకు పిండాలు పెట్టించిన పండాగారు తొందర మనిషి. సంకల్పం సగం మింగేస్తున్నాడు. మామయ్య అతణ్ణి ఆపి, మొదటి నుంచి చెప్పించాడు. మళ్లీ ఆపాడు. మా వెనక బారు కట్టినవాళ్లు గోల పెట్టారు. మామయ్య ఎవరినీ లక్ష్యపెట్టకుండా 'శ్రీవత్స గోత్రం, సర్వేశ్వర శాస్త్రి' అన్నాడు. ఒక్క ఈల లేదు. గుడి గంట కొట్టినట్టు పలికింది. ఆ పేరు ఆయన నోట అంత స్పష్టంగా విని రెండేళ్లయింది.

తాతలకూ ముత్తాతలకూ అయ్యాక ఇంకొక ముద్ద తీసుకున్నాడు. గోత్రం తెలియనివారికి కాశ్యపం చెప్పమంటారు.

"కాశ్యప గోత్రం, రావికమత గ్రామ వాస్తవ్యం, పెంటయ్య నామధేయం."

పండాగారు తలెత్తాడు. "ఎవరాయన?"

"మా వైపు మనిషి" అని మామయ్య పిండం పెట్టాడు.

రావికమతం

ఊరికి వచ్చిన నాలుగో రోజున, బండి కట్టించుకుని రావికమతం వెళ్దామన్నాడు మామయ్య. పైడయ్య తల్లి ఊరి చివర చెరుకు తోట పక్కన ఉంటోంది. మేము ఎవరమో చెప్పగానే నులక మంచం వాల్చి, తోటలోంచి గడ విరిచి తెచ్చింది. చెరుకు ఇంకా పూర్తిగా పాకానికి రాలేదు.

"ఇంకేటి పెట్టగలను బాబూ మీకు?"

ఆమె మనసు కష్టపెట్టకూడదని మామయ్య గడ గట్టిగా కొరికాడు. చెరుకు కదల్లేదు. లాగాడు. గడ బయటికి వచ్చింది, దానితోపాటు పైవరస పళ్లు కూడా. ముసలమ్మ కెవ్వున కేక పెట్టి, మరుక్షణం కొంగు నోట్లో కుక్కుకుని కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది. నేనూ ఆపుకోలేకపోయాను. ఆమె గడను కాలి కింద తొక్కి పట్టి, పళ్లు ఊడబీకి, కుండలో నీళ్లతో కడిగి మామయ్య చేతిలో పెట్టింది. మామయ్య పెట్టుకున్నాడు.

అప్పుడు కొడుకు సంగతి చెప్పాం. గయ సంగతి చెప్పాం. ఆమె నవ్వు ఆగిపోయింది.

"ఆడ మా ముసలోడి పేరు సెప్పినారా? ఎలాగన్నారు బాబూ? ఒకపాలి అనండి, ఇంటాను."

మామయ్య మంచం మీంచి లేచి నిలబడ్డాడు. గయలో ఎలా అన్నాడో అలాగే, గోత్రంతో సహా, ఒక్క అక్షరం పోకుండా చెప్పాడు.

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది.

"బతికున్నన్నాల్లూ 'ఒరే పెంటిగా' అన్నోలే బాబూ. అంత బాగా ఆడిని ఎవులూ పిలవనేదు."